రెండు భాషల చెవి

ఆడికృత్తిక నాడు తిరుత్తణి కొండ మెట్ల దగ్గర ఒక పాటను ఒక్కదాన్నే వినడం ఎవరి తరమూ కాదు. కావడి ముందు పంబ మోగుతుంటుంది. వెనకనుంచి హరోంహర. అంగడి ముందరి బాక్సులో తమిళ మురుగన్ పాట, దాని పక్కనే నగరి వైపునుంచి వచ్చిన వ్యానులో తెలుగు సుబ్రహ్మణ్యస్వామి పాట, ఈ రెంటి మీదుగా భక్తులకు సూచనలు చెప్పే మైకు. పెద్దవాళ్లకు అదంతా రొద. ఆ రొదలో ఏ దెబ్బ దేనితో కలుస్తోందో, ఏ పాట దేన్ని మింగేస్తోందో విడదీసి వినే పిల్లలు కొందరుంటారు. ఊళ్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరిగే రోజుల్లో వేషాలు కట్టేచోట కాకుండా మైకుసెట్టు పెట్టె పక్కన చేరేది వాళ్లే. పెళ్లి మెరవణిలో ఆడేవాళ్లను వదిలేసి, ఆడిస్తున్నవాడి వేళ్ల వంక చూసేది వాళ్లే. వాళ్లు ఒకరోజు "నేను డీజే అవుతా" అంటారు. ఇంట్లో దాన్ని చెడుసావాసం కింద జమకడతారు, లేదంటే నవ్వి వదిలేస్తారు. ఆ మాటను సంగీతం నేర్చుకుంటానన్న పిల్లల మాటతో సమానంగా వినాలన్నది నా వాదన. తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతపు తెలుగు పిల్లల విషయంలో అయితే ఇంకాస్త గట్టిగా అంటాను: ఈ విద్యకు కావలసిన మొదటి పాఠం వాళ్లకు ఇంట్లోనే, ఎవరూ నేర్పకుండానే వస్తోంది.

ఆ పాఠం ఎక్కడిదో తెలియాలంటే ఊరి చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టిన ఈ తిరుత్తణి 1960 మార్చి దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. పటాస్కర్ నివేదిక ఆధారంగా 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి తిరుత్తణిని మద్రాసు రాష్ట్రంలో కలిపింది. 1997లో తిరువళ్లూరు వేరే జిల్లా అయ్యాక తిరుత్తణి, పళ్లిపట్టు అందులోకి వచ్చాయి. సరిహద్దు గీత జరిగింది కానీ పళ్లిపట్టు, పొదటూరుపేట, ఆర్కేపేట వైపు ఇళ్లలో తెలుగు పోలేదు. బడిలో మాత్రం తమిళం. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేశాక, తెలుగు మాట్లాడగలిగీ చదవలేని తరం ఒకటి తయారైంది. ఆ తరానికి తెలుగు అందే దారుల్లో పాట చాలా పెద్దది. ఆ పాట కూడా ఒంటరిగా రాదు. 1989లో తెలుగులో తీసిన 'గీతాంజలి' తమిళంలోకి వెళ్లింది. 1992 నాటి 'రోజా' తమిళంనుంచి తెలుగులోకి వచ్చింది. 2021లో 'పుష్ప', 2022లో 'ఆర్ఆర్ఆర్' ఒకేసారి రెండు భాషల్లోనూ విడుదలయ్యాయి. హైదరాబాదు పిల్లలు వాటిలో ఒక రూపాన్ని వింటారు, మదురై పిల్లలు ఇంకో రూపాన్ని వింటారు. తిరుత్తణి పిల్లలు రెండూ వింటారు. బాణీ ఒకటే, మాటలు వేరు. బాణీని మాటలనుంచి విడదీసి వినడం, ఇది మారినా అది నిలుస్తుందని గ్రహించడం వాళ్లకు ఎనిమిదేళ్లకే అలవాటైపోతుంది. డీజే పని మొత్తం ఆ విడదీతమీదే నిలబడి ఉంది.

డీజే అంటే లారీ మీద పేర్చిన బాక్సుల గోడ అనే అర్థం మన ఊళ్లలో స్థిరపడిపోయింది కాబట్టి, అసలు పనేమిటో చెప్పడం అవసరం. ఒక పాట జనానికి వినిపిస్తుండగా రెండో పాటను హెడ్‌ఫోన్‌లో తాను మాత్రమే వింటూ, రెంటి వేగాన్నీ కలిపి, మొదటిది ఎక్కడ తప్పుకోవాలో రెండోది ఎక్కడ అందుకోవాలో నిర్ణయించి, ఆడేవాళ్ల అడుగు తప్పకుండా ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి దాటించడం ఆ పని. నిమిషానికి 120 దెబ్బల పాటను 127 దెబ్బల పాటతో కలపాలంటే మొదటిదాని వేగాన్ని సుమారు 6 శాతం పెంచాలి. రికార్డు పళ్లెం మీద అలా పెంచితే శ్రుతి కూడా పెరుగుతుంది, అదీ దాదాపు సరిగ్గా ఒక స్వరస్థానం మేర. అంటే తాళం కలిసిన చోట శ్రుతి చెడవచ్చు. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 పళ్లెంలో వేగాన్ని 8 శాతం దాకా అటూ ఇటూ జరిపే మీట ఉండేది. ఆ చిన్న పరిధిలోనే ఒక తరం డీజేలు చెవిని పదును పెట్టుకున్నారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ శ్రుతిని కదలనివ్వకుండా వేగాన్ని మార్చగలదు. అయినా ఏ పాట శ్రుతి ఏ పాట శ్రుతితో పొసగుతుందో తెలుసుకోవలసింది మనిషే.

మన పాటల దగ్గర ఇంకో చిక్కుంది, నాకు చాలా ఇష్టమైన చిక్కు. పాశ్చాత్య క్లబ్బు సంగీతంలో ఎక్కువ భాగం నాలుగు దెబ్బల లెక్కలో నడుస్తుంది. మన మెరవణిలో ఆడించే కుత్తు దెబ్బ తిశ్రంలో నడుస్తుంది, ఒక్కో దెబ్బా మూడుగా విరుగుతుంది. చతురశ్రంలో ఉన్న పాటనుంచి తిశ్రంలోని పాటలోకి దాటాలంటే ప్రధాన దెబ్బ చెక్కుచెదరకూడదు, లోపలి విరుపు మాత్రం నాలుగునుంచి మూడుకు మారాలి. మృదంగ విద్వాంసులు దీన్ని గతి మార్చడం అంటారు. పలకలు వాయించేవాళ్లు పేరు పెట్టకుండానే రోజూ చేస్తారు. తెలుగు పెళ్లిలో తమిళ బంధువులూ, తమిళ పెళ్లిలో తెలుగు బంధువులూ ఉండే తిరుత్తణిలో డీజేకు ఈ దాటు ఒక్క రాత్రిలో ఎన్నోసార్లు ఎదురవుతుంది. వేగం సరిపోయినా ఏ పాట ఎప్పుడన్నది మిగిలే ఉంటుంది. చరణానికి ముందొచ్చే వాద్యాల భాగంలో దాటితే జనం గమనించకుండానే కొత్త పాటలోకి వచ్చేస్తారు. పల్లవి మధ్యలో కోస్తే పాడుతున్న నోళ్లు మూగబోతాయి. ఇది తెలియడానికి వందల పాటలు నిలువునా కంఠస్థం కావాలి, అదీ రెండు భాషల్లో.

"ఇతరుల పాటలు వెయ్యడంలో గొప్పేముంది, సొంతంగా ఒక్క స్వరమైనా కట్టాడా?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. దీనికి జవాబు వెతుక్కుంటూ డీజేలకు పేరుపడ్డ న్యూయార్క్ దాకా పోనక్కర్లేదు. ముత్తుస్వామి దీక్షితుల కుటుంబం కొన్నేళ్లపాటు మద్రాసు పక్కనున్న మణలిలో, అక్కడి మొదలియార్ల ఆదరణలో గడిపింది. ఇటీవలి దాకా తిరువళ్లూరు జిల్లాలో ఉండి ఇప్పుడు చెన్నైలో కలిసిన మణలే అది. మద్రాసు కోటలో ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించే పాశ్చాత్య బాణీలు దీక్షితులు అక్కడున్నప్పుడే విన్నారని చెబుతారు. విని ఊరుకోలేదు. వాటికి సంస్కృత సాహిత్యం రాశారు. నొట్టుస్వర సాహిత్యాలుగా పేరుపొందిన ఆ రచనలు దాదాపు నలభై. బ్రిటిష్ రాజగీతం బాణీకి దేవిమీద రాసిన 'సంతతం పాహిమాం' వాటిలోదే. బాణీ పరాయిది, మాట తనది, కలయిక కొత్తది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపా వాద్యమైన వయొలిన్ నేర్చి దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఇవాళ వయొలిన్ లేని కచేరీని ఊహించలేం. అదే ముత్తుస్వామి దీక్షితుల నోట తొలి కృతి 'శ్రీనాథాది గురుగుహో' వెలువడింది తిరుత్తణి కొండమీదనేననీ, స్వామి వృద్ధుడి రూపంలో వచ్చి నోట్లో కలకండ పెట్టాడనీ ఐతిహ్యం. కలకండ కథను నమ్మేవాళ్లు నమ్ముతారు. నేను చూపించదలచింది దానికి పక్కనున్న వాస్తవాన్ని: మహావాగ్గేయకారుడు పరాయి బాణీని ఎత్తుకుని తన పనికి వాడుకోవడాన్ని చిన్నతనంగా తలచలేదు. దీక్షితులను డీజే అంటున్నానని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. ఆయన సృష్టించిన కృతుల ముందు ఆ సాహిత్యాలు చిన్న భాగమే. కానీ ఎంచుకోవడం, విడదీయడం, కొత్తచోట అతికించడం సంగీతపు పనులేనని చెప్పడానికి ఆ చిన్న భాగం చాలు.

న్యూయార్క్ సంగతి కూడా చూద్దాం, ఎందుకంటే అక్కడా మొదలుపెట్టింది పిల్లలే. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని ఒక అపార్ట్‌మెంటులో, బడులు తెరిచేముందు బట్టలకు డబ్బు కూడబెట్టుకుందామని ఒక చెల్లెలు పార్టీ పెట్టింది. పాటలు వేసిన అన్న, జమైకానుంచి వచ్చిన క్లైవ్ క్యాంప్‌బెల్, తర్వాత కూల్ హెర్క్ పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. అప్పటికి అతనికి 18 ఏళ్లు. పాటలో గొంతు ఆగి వాద్యాలు మాత్రమే మోగే చిన్న ముక్క దగ్గర జనం ఎక్కువ ఆడుతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టుకుని ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పడం అతని పద్ధతి. రెండేళ్ల తర్వాత అదే బ్రాంక్స్‌లో పన్నెండేళ్ల థియోడోర్ గదిలో పాటలు పెట్టుకుని ఉంటే, శబ్దం ఎక్కువైందని తల్లి తలుపు దగ్గరికి వచ్చింది. ఆమె మాట వినడానికి రికార్డును చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపాడు. ఆ గీరుడు శబ్దమే 'స్క్రాచ్' అయింది. 1997లో డీఎంసీ ప్రపంచ డీజే పోటీ గెలిచిన కెనడా కుర్రాడు ఏ-ట్రాక్ వయసు 15. 2017లో గెలిచిన జపాన్ పిల్లవాడు రేనాకు 12. వీళ్లను చూపించి ప్రతి ఇంట్లోనూ ప్రపంచ విజేత పుడతాడని చెప్పడం మోసం. వీళ్లవల్ల తెలిసేది ఒకటే: ఈ విద్యకు చెవి చిన్నప్పుడే తెరుచుకుంటుంది, మిగతా సంగీతాలకు తెరుచుకున్నట్టే.

"ఇప్పుడంతా మిషనే చేస్తోంది, సింక్ బటన్ నొక్కితే రెండు పాటలూ వాటంతటవే కలుస్తాయి" అన్నది రెండో అభ్యంతరం. కంప్యూటర్‌లో కట్టిన కొత్త పాటల విషయంలో ఇది చాలావరకు నిజం. కానీ మన పెళ్లిళ్లలో అత్తలూ మామలూ అడిగే పాటలు అవి కావు. 1980ల్లో మద్రాసు స్టూడియోల్లో వాద్యకారులంతా కలిసి కూర్చుని వాయించిన పాటల్లో వేగం రవ్వంత ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. చరణంలో కొంచెం పరుగెడుతుంది, పల్లవికి వచ్చేసరికి నిలదొక్కుకుంటుంది. ఒకే గీత మీద దెబ్బలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ అక్కడ తడబడుతుంది. చెయ్యి ఆడించి సరిచేయవలసింది విన్న చెవే. ఇక ఎవరు అలిసిపోయారు, ఎవరు ఇంకా ఆడాలనుకుంటున్నారు, పెళ్లికూతురి నాన్నమ్మ కుర్చీలోంచి లేచేటట్టు చేసే పాట ఏది అన్నది ఏ బటనూ చెప్పదు.

శబ్దం గురించిన అభ్యంతరం వీటన్నిటికంటే బలమైనది. దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ నూరు మీటర్ల మేర అంతకన్నా తక్కువ. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. మన మెరవణులు ఈ లెక్కల దరిదాపుల్లో ఉండవు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారంటే ఆ పరిస్థితిని మనమే తెచ్చుకున్నాం. గుండెజబ్బు మనిషి ఇంటిముందు బేస్‌తో కిటికీలు అదరగొట్టడం ఏ కళా కాదు. అయితే ఈ తప్పు బాక్సుల సంఖ్యలో ఉంది, పాటలు కలిపే నేర్పులో లేదు. నేర్పు తక్కువైన కొద్దీ శబ్దం పెంచవలసి వస్తుంది కూడా. శబ్దంవల్ల అందరికంటే ముందు నష్టపోయేది ఆ పెట్టె పక్కన కూర్చున్న పిల్లవాడే. వృత్తి ఆరోగ్య నిపుణులు వాడే ఒక ప్రమాణం ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది పావుగంట. లోపలిచెవిలో ధ్వనిని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ మొలవవు. డీజే కావాలనుకునే పిల్లలకు మొదట కొనివ్వవలసింది చెవుల్లో పెట్టుకునే బిరడాలు. బాక్సు ఎదుట నిలబడవద్దని చెప్పేటప్పుడు "నీ చెవే నీ వాద్యం" అని చెబితే వాళ్లు వింటారు.

పలకలు, పంబ, నాదస్వరం, డోలు వాయించేవాళ్ల పొట్టకొట్టింది డీజేలేనన్న మాటకు మాత్రం నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఒకప్పుడు మెరవణికి పదిమంది పలకల బృందం వచ్చేది. ఇప్పుడు ఒక వ్యాను వస్తోంది. పలకలు వాయించేవాళ్లలో ఎక్కువమంది దళిత కుటుంబాలవాళ్లు. చావుకు రమ్మని పిలిచి, పెళ్లికి వద్దన్న ఊళ్లు వాళ్లను రెండుసార్లు అవమానించాయి. మైకుసెట్టు రావడంతోనే ఈ కోత మొదలైంది, డీజే దాన్ని పూర్తిచేస్తున్నాడు. అది నిజం. పిల్లలను డీజే నేర్చుకోవద్దన్నంత మాత్రాన ఆ పది పలకలూ తిరిగిరావు. మరి ఏం చేస్తే కొంతైనా న్యాయం జరుగుతుంది? డీజే నేర్చుకునేవాళ్లు తొలి ఏడాది పలకల మేస్త్రి దగ్గర కూర్చుని దెబ్బలు నేర్చుకోవాలి, దానికి గురుదక్షిణ ఇవ్వాలి. తిశ్రానికీ చతురశ్రానికీ మధ్య దాటు అంతకన్నా బాగా నేర్పే బడి ఈ చుట్టుపక్కల లేదు. వాళ్ల వాయిద్యాన్ని రికార్డు చేసి పాటలో కలిపితే పేరు చెప్పాలి, డబ్బు చెల్లించాలి. మెరవణిలో పలకలు ముందు నడిచి, వాళ్లు ఊపిరి తీసుకునే సందులో మాత్రం బాక్సు అందుకునే ఏర్పాటు చేసుకోవచ్చు. ఇద్దరికీ పని, వినేవాళ్లకు రెండింతల సొంపు. పెళ్లి మాట్లాడుకునేటప్పుడే ఇలా కావాలని అడగవలసింది పెళ్లివాళ్లు.

బతుకుతెరువు సంగతి క్లుప్తంగా. ఇది ముహూర్తాల మీద ఆధారపడిన పని. సరిహద్దులో మాత్రం ఒక వెసులుబాటుంది: రెండు పంచాంగాలు. తెలుగువాళ్ల ఆషాఢం పోయి శ్రావణం వచ్చి పెళ్లిళ్లు మొదలయ్యేసరికి తమిళుల ఆడిమాసం ఇంకా నడుస్తుంటుంది. ఆ నెలలో వాళ్లకు పెళ్లిళ్లుండవు, అమ్మవారి తిరునాళ్లుంటాయి. ఆవణి వస్తే వాళ్ల పెళ్లిళ్లు మొదలవుతాయి. రెండు భాషల పాటలూ తెలిసినవాళ్లకు ఖాళీ నెలలు తక్కువ. అయినా దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోమని ఎవరికీ చెప్పలేను. కూల్ హెర్క్ తరంవాడే అయిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ వృత్తివిద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. తదుపరి పాటను తాను మాత్రమే ముందుగా వినడానికి కావలసిన మీటను తానే తయారుచేసుకున్నాడు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు చదివి, చెన్నై రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు తెచ్చుకుని ఆంప్లిఫయర్ బాగుచేయగలిగిన డీజేకు పెళ్లిళ్లు లేని నెలలోనూ అన్నం దొరుకుతుంది.

మొదలుపెట్టడానికి వేలు పోసి కంట్రోలర్ కొననక్కర్లేదు. మిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఒక హెడ్‌ఫోన్, తెలుగులోనూ తమిళంలోనూ వచ్చిన ఒకే పాట రెండు రూపాలు ఉంటే చాలు, ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి దాటడం మొదటి అభ్యాసం. బాణీ ఒకటే కాబట్టి చెవికి సాయం దొరుకుతుంది, మాట మారినచోట తప్పు వెంటనే బయటపడుతుంది. తాళం గట్టిపడాలంటే మృదంగమో పలకో డోలో, ఒక చర్మవాద్యం పక్కన ఉండాలి. శాస్త్రం దాకా పోవాలనుకునేవాళ్లకు తిరుపతిలో తితిదే నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల మరీ దూరం కాదు. అంతకంటే దగ్గరలో ఉన్నది బడి. చాలా ప్రభుత్వ పాఠశాలల్లో ప్రార్థనకూ వార్షికోత్సవానికీ ఒక మైకుసెట్టు ఉంటుంది. ఉత్సవం రోజున బయటినుంచి మనిషిని పిలిపించకుండా ఆ పెట్టెను ఏడో తరగతి పిల్లలిద్దరికి అప్పగించవచ్చు, ఒకరు అబ్బాయి, ఒకరు అమ్మాయి. రాత్రి మెరవణుల్లో బాక్సుల పక్కన కూర్చోవడానికి అమ్మాయిలకు ఇప్పటికీ అనుమతి దొరకదు. పట్టపగలు, టీచర్ల కళ్ల ముందు, బడి మైకు దగ్గర దొరకాలి. నాట్యానికి పాట ఎప్పుడు అందించాలి, గొంతు ఎక్కడ వినిపించడం లేదు, కూత ఎందుకొస్తోంది, ఆఖరి వరుసలో కూర్చున్న తల్లులకు వినిపిస్తోందా అని చూసుకోవలసిన బాధ్యత వాళ్లది. ఆ రోజు పాటల జాబితా తెలుగులో ఎన్ని, తమిళంలో ఎన్ని అన్నది కూడా వాళ్లనే తేల్చుకోనివ్వండి.